బఠానీ గింజంత మందు, మూడు నెలల ఓపిక: మొటిమల రెటినాయిడ్ క్రీములపై అపోహలు - వాస్తవాలు

కాకినాడ నుంచి నరసాపురం దాకా చర్మవ్యాధుల ఓపీల్లో రోజూ వినపడే మాట ఒకటుంది: "ఆ క్రీము నా మొహానికి పడలేదండీ." ఎలా రాశారని విడమరిచి అడిగితే సంగతి బయటికొస్తుంది. మొహం కడుక్కుని తడి ఆరకముందే, స్నో రాసుకున్నంత ధారాళంగా, పొద్దున్నే పూసుకుని కాలేజీ బస్సెక్కేశారు. రెటినాయిడ్ మంచి మందే. కొలత, వేళ తప్పితే మాత్రం ఊరుకోదు.

ఇవి విటమిన్-ఏ కుటుంబానికి చెందిన మందులు. అమెరికాలో మొటిమల మందుగా ట్రెటినాయిన్‌కి 1971లో, అడాపలీన్‌కి 1996లో అనుమతి వచ్చింది. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవి అడాపలీన్ 0.1 శాతం జెల్, ట్రెటినాయిన్ 0.025, 0.05 శాతం క్రీములు. కొత్తవాళ్లు అడాపలీన్ 0.1తో మొదలుపెట్టడం మేలు, మంట తక్కువ. శాతం రెట్టింపైతే ఫలితం రెట్టింపవదు, మంట మాత్రం కచ్చితంగా పెరుగుతుంది.

అపోహ: మొటిమ లేచిన చోట చుక్క పెడితే చాలు.

అందరూ చేసే తప్పు ఇదే. ఇవాళ అద్దంలో కనపడే మొటిమ కొన్ని వారాల కిందటే లోపల మొదలైంది. రోమం మొలిచే రంధ్రం అంచున రాలిపోవాల్సిన చర్మకణాలు రాలకుండా జిడ్డుతో కలిసి అతుక్కుని బిరడాలా బిగుసుకుంటాయి. పంట కాలువ తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే ఏమవుతుందో డెల్టా రైతుకి చెప్పక్కర్లేదు: నీళ్లు వెనక్కి తన్ని ఎక్కడో గట్టు తెగుతుంది. మొటిమ ఆ తెగిన గట్టు. రెటినాయిడ్ పని తూములో డెక్క పేరుకోకుండా చూడటం. కాబట్టి మొటిమలు వచ్చే ప్రాంతమంతా, అంటే నుదురు, బుగ్గలు, గడ్డం, ముక్కు మీద పల్చగా రాయాలి. లేచిన మొటిమ మీద మాత్రమే రాస్తే పక్కన తయారవుతున్న నాలుగింటిని వదిలేసినట్టు.

రాసే తీరు ఇది. రాత్రి పడుకునే ముందు గాఢత లేని ఫేస్‌వాష్‌తో ఒక్కసారి కడగండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఇరవై నిమిషాలు, వీలైతే అరగంట ఆగండి. తడి చర్మంలోకి మందు ఎక్కువగా దిగి మంట పుడుతుంది. తర్వాత వేలి కొన మీద పచ్చి బఠానీ గింజంత మందు తీసుకుని నుదుటి మీద ఒక చుక్క, బుగ్గకొకటి, గడ్డం మీద ఒకటి, ముక్కు మీద ఒకటి పెట్టి అన్నిటినీ కలుపుతూ పల్చగా పరచండి. కనురెప్పలు, ముక్కుపుటాల మూలలు, పెదాల అంచులు వదిలేయాలి. ఆ మూలల్లో ముందే కాస్త వాజిలిన్ రాసుకుంటే మందు పాకదు. పైన వాసన లేని మాయిశ్చరైజరు. మొదటి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి, తర్వాత చర్మం ఓర్చుకునే కొద్దీ రోజూ.

సరిగ్గా వాడుతున్నారో లేదో ట్యూబే చెబుతుంది. బఠానీ గింజంత మందు దాదాపు పావు గ్రాము. రోజూ రాస్తే 15 గ్రాముల ట్యూబు అరవై రాత్రులు రావాలి. ఇరవై రోజులకే అయిపోతే ఎక్కువ రాస్తున్నారు. ఆరు నెలలైనా అయిపోకపోతే, "రోజూ రాస్తున్నావా?" అన్నప్పుడు "ఆయ్, రాస్తున్నానండి" అన్న మాటని కొంచెం అనుమానించాలి.

అపోహ: రాసిన వారానికే మొటిమలు ఎక్కువయ్యాయి, అంటే మందు పడలేదు.

మొదటి రెండు నుంచి నాలుగు వారాలు చర్మం పొడిబారి, పొట్టు లేచి, కాస్త చురుక్కుమంటుంది. లోపల అప్పటికే తయారై ఉన్నవి కొందరిలో ఒక్కసారిగా పైకి తేలతాయి. చెప్పుకోదగ్గ మెరుగు ఎనిమిది నుంచి పన్నెండు వారాలకి గానీ కనపడదు. సరిగ్గా మూడో వారంలో, మొహం అన్నిటికంటే అధ్వానంగా ఉన్నప్పుడు, మందు మానేసేవాళ్లే ఎక్కువ. ఏడుపొచ్చే విషయం ఏంటంటే, కష్టమంతా పడ్డాక మానేస్తారు.

ఓర్చుకోదగ్గదీ, ఓర్చుకోకూడనిదీ తేడా తెలియాలి. సన్నటి పొట్టు, రాసిన కాసేపటి చురుకు, కొద్దిపాటి ఎరుపు: ఇవి సరే. రోజంతా మండటం, రసి కారటం, రెప్పలు వాయటం, సబ్బు తగిలితే భగ్గుమనటం: ఇవి సరి కాదు. అప్పుడు ఐదారు రోజులు ఆపి, ఉత్త మాయిశ్చరైజరు మాత్రమే రాసి, చర్మం చల్లబడ్డాక మళ్లీ మొదలెట్టాలి. ఈసారి మాయిశ్చరైజరు, దానిపైన మందు, దానిపైన మళ్లీ మాయిశ్చరైజరు. అదీ తట్టుకోలేకపోతే మందు రాసి అరగంటకి కడిగేయండి. కొన్నాళ్లకి గంట, ఆ తర్వాత రాత్రంతా.

"మంటెక్కితేనే మందు పనిచేస్తున్నట్టు" అనుకుని పళ్లు బిగబట్టే బాపతు కూడా ఉంది. మన చామనచాయ చర్మానికి అది మరీ చేటు. మండిన చోటల్లా నల్ల మచ్చ మిగులుతుంది. మొటిమ వల్ల వచ్చిన మచ్చకి మందు వల్ల వచ్చిన మచ్చ తోడవుతుంది.

అపోహ: మొటిమల క్రీములన్నీ ఒకటే. మేనత్త కూతురు వాడి తెల్లబడింది, అదే తెచ్చుకుంటే పోలేదా.

ఈ అపోహ చేసే చెరుపు మిగతావన్నీ కలిపి చెయ్యవు. ట్యూబు మీద "ట్రెటినాయిన్" అన్న మాట కనపడగానే అది మొటిమల మందని అనుకోవద్దు. పక్కనే ఇంకేముందో చదవండి. రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము మన షాపుల్లో విరివిగా దొరుకుతుంది. ఈ తరహా కలయికకి మూలం 1975లో అమెరికా చర్మవైద్యుడు క్లిగ్‌మన్ ప్రతిపాదించిన సూత్రం. అందులో స్టెరాయిడ్ డెక్సామెథాసోన్. ఉద్దేశం మంగుమచ్చల వంటి నల్ల మచ్చలకి, అదీ వైద్యుల కనుసన్నల్లో కొద్ది వారాలు. మన దగ్గర అది ఫెయిర్‌నెస్ క్రీమై కూర్చుంది.

మూడోదైన స్టెరాయిడ్ వల్లే మొదట్లో మహత్యం కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గి, మొటిమ అణగి, రంగు తేలుతుంది. నెలలు గడిచాక చర్మం పలచబడి సన్నని ఎర్రటి రక్తనాళాలు పైకి కనపడతాయి, ఎండలోకి వెళ్తే మొహం కందగడ్డవుతుంది, ఆడపిల్లలకి బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఒకే సైజు పొక్కులు గుంపులుగా లేస్తాయి. ఆపితే మంట, వాపు, మొటిమలు అన్నీ విరుచుకుపడతాయి. ఆ బాధకి మళ్లీ అదే ట్యూబు రాస్తారు. అలా ఏళ్లు గడిచిపోతాయి.

కనిపెట్టడం తేలికే. కూర్పులో "సోన్", "సాల్", "లోన్" అని ముగిసే పేర్లు వెతకండి: మొమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినొలోన్. ఉంటే మొటిమలకి రాయొద్దు. 2018లో కేంద్రం చర్మంపై రాసే స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతారా లేదా అన్నది మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు తమంతట తాము ఒక్కసారిగా ఆపి ఇంట్లో కూర్చోకుండా, ఆ ట్యూబుతో సహా చర్మవైద్యులకి చూపించండి. మాన్పించడానికో పద్ధతి ఉంది.

అపోహ: రెటినాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది.

ఆ స్టెరాయిడ్ క్రీము చేసిన పాపం దీనికి అంటింది. రెటినాయిడ్ వల్ల పైన చచ్చిన కణాల పొర సర్దుకుంటుంది, దాని కింది సజీవమైన పొర మందమవుతుంది. ఇంకా లోపల కొల్లాజెన్ పెరుగుతుంది.

అపోహ: రోహిణి కార్తెలో ఆపేయాలి, చలికాలంలోనే వాడాలి.

ట్రెటినాయిన్ వెలుతురుకి విరిగిపోతుంది, అందుకే రాత్రి రాయమంటాం. ఎండాకాలంలో మానక్కర్లేదు. పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ చూపుడు వేలు, నడి వేలు నిండా గీతలా తీసుకుని మొహం, మెడకి రాయాలి. రొయ్యల చెరువు గట్ల మీద, కళ్లాల్లో పనిచేసేవాళ్లకి పైనుంచి పడే ఎండతో పాటు నీళ్ల మీద నుంచి తిరిగొచ్చే వెలుగూ తోడు. రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి, తలపాగా, టోపీ ఉండాలి. మన ఉక్కకి క్రీముకన్నా జెల్ రకం నప్పుతుంది. నిజానికి చర్మం ఎక్కువ ఎండేది ధనుర్మాసపు మంచులోనే. అప్పుడు వారానికి రెండు మూడు రాత్రులకి తగ్గించుకోవచ్చు. బోరు నీళ్లు ఉప్పగా, సబ్బు నురగ రానంతగా ఉండే ఊళ్లలో సబ్బు తాలూకు తెట్టు మొహం మీద మిగిలి మంట పెంచుతుంది. సబ్బు మానేసి సున్నితమైన ఫేస్‌వాష్ కొద్దిగా వాడి, దొరికితే మంచినీళ్లతో ఆఖరిసారి కడుక్కోండి.

అపోహ: పొడిబారితే కొబ్బరినూనె రాస్తే సరి.

కోనసీమలో ఈ మాట అనడానికి కాస్త ధైర్యం కావాలి. కొబ్బరినూనె ఒంటికి మంచిదే, ఎగ్జిమాతో చర్మం పొడిబారే పిల్లలకి కూడా రాస్తాం. మొటిమలొచ్చే మొహానికి మాత్రం కాదు, అది రంధ్రాలని మూసే రకం. తలకి దండిగా పట్టించి పడుకుంటే నూనె నుదుటి మీదికి, దిండు గలేబు మీది నుంచి చెంపల మీదికి దిగుతుంది. నుదుట జుట్టు అంచున వరసగా సన్నటి తెల్ల గింజలు లేచాయంటే ముందు అనుమానించాల్సింది ఆ నూనెనే. తలకి పెట్టుకోవాలంటే స్నానానికి గంట ముందు పెట్టి కడిగేయండి. సున్నిపిండి, నిమ్మరసం, టూత్‌పేస్ట్ ఈ మందు వాడినన్నాళ్లు మొహానికి వద్దు.

అపోహ: పెళ్లి రెండు వారాల్లో ఉంది, ఇప్పుడు మొదలెడితే ముహూర్తానికి మెరిసిపోవచ్చు.

ముహూర్తానికి పొట్టు లేస్తుంది. లెక్క వెనక నుంచి వేసుకోవాలి. మాఘమాసంలో పెళ్లయితే మందు మొదలవ్వాల్సింది కార్తీకంలో. పెళ్లికూతుర్ని చేసి నలుగు పెట్టే రోజుకి ఐదు నుంచి ఏడు రోజుల ముందే ఆపేయాలి, పసుపు కలిపిన సున్నిపిండి రుద్దితే రెటినాయిడ్ అలవాటున్న చర్మం లేచిపోతుంది. పార్లరులో పెదవి పైన వ్యాక్సింగ్, కనుబొమల థ్రెడింగ్, బ్లీచ్, అన్నిటికీ అదే గడువు. థ్రెడింగ్ తర్వాత రెప్ప పైన నల్లగా చెక్కు కట్టి వచ్చేవాళ్లలో చాలామంది ముందు రాత్రి దాకా మందు రాసినవాళ్లే.

పెళ్లి మాటొచ్చింది కాబట్టి: గర్భం కోసం అనుకుంటున్నవాళ్లు, గర్భిణులు ఈ క్రీములు వాడకూడదు. పూత మందు ఒంట్లోకి ఎక్కేది చాలా తక్కువే. అయినా మొటిమల కోసం ఆ మాత్రం ముప్పు కూడా తెచ్చుకోనక్కర్లేదు. వీటిలోనే టాజరోటీన్ అనే రకమైతే పూర్తిగా నిషిద్ధం. వాడుతుండగా నెల తప్పితే కంగారు పడకుండా వెంటనే ఆపి డాక్టరుకి చెప్పండి. వీటి బదులు ఎజెలాయిక్ యాసిడ్ వాడుకోవచ్చు. మొటిమలకే మింగే ఐసోట్రెటినాయిన్ మాత్రల సంగతి పూర్తిగా వేరు, బిడ్డకి తీవ్రమైన అవకరాలు తెస్తాయి. ఆపిన తర్వాత కూడా కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.

అపోహ: మామిడి పళ్లు వేడి చేసి మొటిమలొస్తాయి, మందు కన్నా పథ్యం ముఖ్యం.

"వేడి" అన్న లెక్కకి ఆధారం లేదు. చక్కెర త్వరగా రక్తంలోకి ఎక్కే తిండి ఎక్కువైతే కొందరిలో మొటిమలు పెరుగుతాయనడానికి కొంత ఆధారముంది. జిమ్ కుర్రాళ్ల వే ప్రోటీన్ మీదా అనుమానముంది. పండుగకి నాలుగు పూతరేకులు తిన్నంత మాత్రాన మందు పని ఆగిపోదు. అయితే మామిడి సొన సంగతి నిజమే. పండుని తొక్కతో కొరుక్కు తింటే కొందరికి మూతి చుట్టూ దద్దుర్లు, పొక్కులు లేస్తాయి. అది ఎలర్జీ, మొటిమ కాదు. దాని మీద రెటినాయిడ్ రాస్తే పుండు మీద కారం.

మొటిమ కానిది ఇంకోటి కూడా మన ఉక్కలో ఎక్కువ: నుదురు, ఛాతీ, వీపు మీద ఒకే సైజులో, దురదతో లేచే గింజలు. మలసీజియా అనే ఫంగస్ పని. దానికి ఫంగస్ మందే వాడాలి. గడ్డం, దవడ వెంబడి లోతైన గడ్డలు, నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు కలిసొస్తే పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల తేడా) పరీక్ష చేయించాలి, ఒక్క క్రీముతో తేలే వ్యవహారం కాదు. ఇక పాత గుంటలు: రెటినాయిడ్ కొత్త గుంటలు పడకుండా కాపాడుతుంది, సూది గుచ్చినట్టున్న పాత గుంటల్ని పూడ్చలేదు.

అపోహ: తగ్గిపోయింది కాబట్టి ఆపేయొచ్చు.

క్లిండమైసిన్ కలిసిన జెల్ అయితే ఆపాల్సిందే. యాంటీబయాటిక్‌ని మూడు నెలలు దాటి సాగదీస్తే సూక్ష్మజీవులు దానికి లొంగడం మానేస్తాయి. వాడినన్నాళ్లూ తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ అనే, యాంటీబయాటిక్ కాని మొటిమల పూత మందు ఉండాలి. రెటినాయిడ్ మాత్రం, తగ్గాక కూడా, డాక్టరు చెప్పినన్నాళ్లు కొనసాగాలి. తూము మళ్లీ పూడుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

బెంజాయిల్ పెరాక్సైడ్‌ని మామూలు ట్రెటినాయిన్‌తో ఒకేసారి రాయకండి, ట్రెటినాయిన్ పనికిరాకుండా పోతుంది. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. అడాపలీన్‌తో ఆ పేచీ లేదు. ఇంకోటి, బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. దిండు గలేబు తెల్లది వేసుకోండి. ఉప్పాడ చీర జాకెట్టు మెడ దగ్గర వెలిసిపోతే ఇస్త్రీ అబ్బాయిని తిట్టి లాభం లేదు.