పాలు, నెయ్యి, ఎముకలు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులంటూ వచ్చే ఆడవాళ్లలో చాలామంది అడిగేది ఇదే: "రోజూ నెయ్యి వేసుకునే తింటున్నానండీ, ఎముకలకు బలం రాదేంటి?"

నెయ్యిలో కాల్షియం దాదాపు ఉండదండీ. ఎముకకు కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్, ప్రొటీన్ పాలలోని కొవ్వులో ఉండవు. పెరుగు చిలికితే కొవ్వు వెన్నగా పైకి తేలుతుంది, కాల్షియం మజ్జిగలోనే ఉండిపోతుంది. కాబట్టి మీగడ తీసిన పాలలో సారం లేదనుకోవద్దు. మజ్జిగలో చెంబులకొద్దీ నీళ్లు కలిపితే మాత్రం ఆ మేరకు గ్లాసులోకి వచ్చే కాల్షియం తగ్గుతుంది.

అపోహ: టీలో పాలు పడుతున్నాయి కదా, చాలు.
100 మి.లీ. ఆవుపాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కావాలి. టీలో పడే నాలుగు చెంచాల పాలు ఏ మూలకొస్తాయి?

అపోహ: బాలింత పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుంది.
నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, తల్లి తిన్న పెరుగు వల్ల కాదు. పాలిచ్చే తల్లికి కావలసింది 1200 మి.గ్రా. ఆ నెలల్లో ఆమె ఎముకల్లోంచి కొంత కాల్షియం పాలలోకి పోతుంది. బిడ్డ పాలు మానేశాక చాలావరకు తిరిగి చేరుతుంది, కానీ చేరడానికి తిండిలో ఉండాలి కదా! అత్తలూ, అమ్మలూ, దయచేసి ఆమె కంచంలో పెరుగు తీసేయకండి.

అపోహ: పాలు తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయి.
తిండిలోని కాల్షియం రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగులోనే పట్టేసి, రాళ్ల ముప్పు తగ్గిస్తుంది. డాక్టరు చెప్పకుండా కాల్షియం మాత్రలు మింగడం వేరే సంగతి.

ఛెనాపోడ (విరిగిన పాలతో చేసే ఒడిశా మిఠాయి) కోసం పాలు విరగ్గొట్టినప్పుడు కొంత కాల్షియం ఆ నీళ్లలోకి దిగుతుంది. పారబోయకుండా చపాతీ పిండి కలపండి.

పాలు పడనివాళ్లకు పెరుగు చాలాసార్లు పడుతుంది. చోడంబలి (రాగి అంబలి) ఉండనే ఉంది: 100 గ్రా. చోళ్లలో 340 మి.గ్రా.కు పైగా కాల్షియం. అయితే ఏది తిన్నా, అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. మామూలు పాలలో అది చాలా తక్కువ, ఎండే ముఖ్యం.

నెలసరి ఆగిపోయాక, నిలబడ్డ చోటే జారిపడి మణికట్టు విరిగినా, ఎత్తు తగ్గుతున్నట్టు అనిపించినా, ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ గురించి డాక్టరును అడగండి.