హద్దురాయి జరిగే చోటు

మన ఊళ్లలో హద్దురాయి ఒక్క గజం జరిగితే చాలు, రెండు ఇళ్ల మధ్య మూడు తరాలు మాటలుండవు. దక్షిణ ధ్రువం దగ్గర మాత్రం ఆ రాయిని ఏటా జరుపుతారు. అముండ్‌సెన్-స్కాట్ అని అక్కడ అమెరికా వాళ్ల కేంద్రం ఒకటుంది. జనవరి 1న అందులో ఉన్నవాళ్లంతా బయటికొచ్చి, కొత్తగా చేయించిన లోహపు గుర్తు తగిలించిన గుంజను నిరుటి గుంజకు సుమారు పది మీటర్ల దూరంలో పాతి, ఫొటోలు దిగుతారు. ధ్రువం ఎక్కడికీ పోలేదు. దాని మీదున్న మంచే సముద్రం వైపు మెల్లగా జారుతోంది, గుంజను కూడా తనతో తీసుకుపోతోంది. పశ్చిమ అంటార్కిటికాలోని పైన్ ఐలాండ్ హిమానీనదం అయితే ఏడాదికి దాదాపు 4 కిలోమీటర్లు కదులుతుంది. అలాంటి మంచు మీద ఒక చోటు గురించి చెప్పాలంటే అక్షాంశం, రేఖాంశం చాలవు, తేదీ కూడా కావాలి.

ఈ నేలకి పట్టాదారు లేడు. పట్టా మాదంటే మాదని ఏడు దేశాలు అంటాయి. అందులో బ్రిటన్, అర్జెంటీనా, చిలీ చెయ్యేసిన ముక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1959 డిసెంబర్ 1న 12 దేశాలు సంతకాలు చేసిన అంటార్కిటికా ఒప్పందం ఈ తగాదాని తీర్చలేదు, ఉన్నదున్నట్టుగా గడ్డకట్టించి పక్కన పెట్టింది. అది నాలుగో అధికరణం, అందరూ దాని గురించే మాట్లాడతారు. నాకు అంతకుముందున్న మూడోది ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది. శాస్త్ర పరిశీలనలను, ఫలితాలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలి, అందరికీ అందుబాటులో ఉంచాలి అంటుంది అది. 'వీలైనంత మేరకు' అని ఒక సన్నాయి నొక్కు ఉంది లెండి. అయినా అమెరికా, సోవియట్ యూనియన్ ఒకరి మీద ఒకరు అణుబాంబులు ఎక్కుపెట్టుకున్న రోజుల్లో ఇద్దరి చేతా ఆ మాట మీద సంతకం పెట్టించడం చిన్న సంగతి కాదు. మన దేశం 1983లో ఈ ఒప్పందంలో చేరింది.

ఇచ్చిపుచ్చుకుందాం అనడం తేలికే. తీరా కూర్చుంటే మొదటి పేచీ పేర్ల దగ్గరే వస్తుంది. అంటార్కిటిక్ ద్వీపకల్పం కొసకు అవతల, సౌత్ షెట్‌లాండ్ దీవుల్లో, ఒక పెద్ద దీవి ఉంది. బ్రిటన్‌కి అది కింగ్ జార్జ్ దీవి. చిలీ అదే పేరును స్పానిష్‌లో చెబుతుంది. అర్జెంటీనాకి అది 'మే 25', వాళ్ల విప్లవం మొదలైన రోజు. రష్యా మ్యాపుల్లో వాటర్లూ. ఒక్క ఆ దీవి మీదే అరడజనుకు పైగా దేశాల కేంద్రాలున్నాయి. ఎవరో మంచు చీలికలో పడ్డారని రేడియోలో కబురొచ్చిందనుకోండి. వాళ్లు చెప్పిన లోయ పేరు ఎవరి మ్యాపులోది, మన మ్యాపులో దాన్ని ఏమంటారు అన్నదే మొదటి టెన్షన్. ఆ ద్వీపకల్పం పేరే చాలాకాలం తేలలేదు. బ్రిటన్ గ్రాహమ్ ల్యాండ్ అనేది, అమెరికా పామర్ పెనిన్సులా అనేది. 1964లో రాజీపడి మొత్తానికి అంటార్కిటిక్ పెనిన్సులా అన్నారు. ఇద్దరి ముచ్చటా తీరేలా ఉత్తర భాగానికి గ్రాహమ్, దక్షిణ భాగానికి పామర్ పేర్లు ఉంచారు. చిలీ, అర్జెంటీనా మాత్రం తమ తమ స్వాతంత్ర్య వీరుల పేర్లనే వాడతాయి.

అంటార్కిటికా పరిశోధనలను సమన్వయం చేసే అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం ఒకటుంది, స్కార్ అంటారు. అది 1992లో ఈ పేర్లన్నీ ఒక పట్టికలోకి ఎక్కించే పని మొదలుపెట్టింది. ఏ పేరు సరైనదో తేల్చే పని వాళ్లు నెత్తికెత్తుకోలేదు, అదే తెలివైన పని. ప్రతి చోటుకీ ఒక నంబరిచ్చి, దాని కింద ఎవరి పేరు వాళ్లు రాసుకోండి అన్నారు. మనింట్లో 'బుజ్జి' బడి రిజిస్టర్లో వెంకట సుబ్రహ్మణ్యం అయినట్టే, ఎన్ని పేర్లున్నా ఆధార్ నంబరు ఒక్కటే కదా. ఇప్పుడా పట్టికలో 35 వేలకు పైగా పేర్లున్నాయి. అసలు చోట్లు అందులో సుమారు సగమే.

పేర్లు పైపై సంగతి. అసలు కష్టం మంచు కింద ఉన్న నేలను గీయడంలో ఉంది. అక్కడ మంచు సగటు మందం దాదాపు 1,950 మీటర్లు. అడుగున కొండలున్నాయో లోయలున్నాయో తెలియకపోతే, ఆ మంచు ఎటు జారుతుందో, సముద్రం ఎంత పెరుగుతుందో లెక్క తేలదు. మొదట్లో మంచులో మందుగుండు పేల్చి, ప్రతిధ్వని ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసేవాళ్లు. తర్వాత రాడార్ వచ్చింది. దాని వెనక తమాషా కథ ఒకటుంది. విమానాల్లో ఎత్తు చూపే రేడియో పరికరాలు గ్రీన్‌లాండ్ మంచు మీద తప్పులు చూపేవి. రేడియో తరంగం మంచులోంచి దూరి, కింద రాయికి తగిలి వెనక్కి వస్తోందని 1950ల్లో తేలింది. పైలట్లకు ప్రాణాంతకమైన ఆ లోపమే శాస్త్రవేత్తలకు పనిముట్టయింది. విమానంలోంచి కిందికి రేడియో పంపి, రెండు ప్రతిధ్వనుల మధ్య సమయం కొలిస్తే మంచు మందం తెలుస్తుంది. విమానం ఎగిరిన గీత పొడవునా మాత్రమే తెలుస్తుంది. ఒక దేశం ఎగిరే గీతలతో ఇండియా కంటే నాలుగింతలున్న ఖండం నిండదు.

అందుకే బెడ్‌మ్యాప్. ఎవరి గీతలు వాళ్లు తెచ్చి ఒక కుప్పగా పోసే పని అది. 2001లో మొదటి మ్యాపుకి దొరికిన కొలతలు 19 లక్షలు. 2013 నాటికి రెండున్నర కోట్లు. 2025లో వచ్చిన మూడో మ్యాపులో 8 కోట్ల 20 లక్షలు. కుక్కలు లాగే బళ్ల కాలం నుంచి ఉపగ్రహాల దాకా అరవై ఏళ్ల కొలతలు అందులో ఉన్నాయి.

కుప్ప పోసినంత మాత్రాన మ్యాపు అయిపోదు. ముందు సున్నా ఎక్కడో ఒప్పుకోవాలి. జీపీఎస్ ఇచ్చే ఎత్తుకి మూలం, భూమిని నున్నటి బంతిలా ఊహించిన ఒక లెక్క. సర్వే వాళ్ల ఎత్తుకి మూలం సముద్రమట్టం. హైదరాబాద్‌లో ఈ రెండింటికీ 70 మీటర్లకు పైగా తేడా వస్తుంది, రెండూ కరెక్టే. అంటార్కిటికాలోనూ తేడా పదుల మీటర్లలో ఉంటుంది. ఒక దేశం కొలతలు ఒక సున్నా నుంచి, పక్క దేశానివి ఇంకో సున్నా నుంచి తీసుకుని పక్కపక్కన అతికిస్తే, అతుకు మీద లేని కొండచరియ ఒకటి లేచి నిలబడుతుంది. ఇలాంటి దొంగ కొండల్ని ఏరి పారేయడంలోనే ఏళ్లు గడుస్తాయి.

పాత అటక సరుకు కూడా పనికొస్తుంది. 1967-79 మధ్య బ్రిటన్, అమెరికా, డెన్మార్క్ వాళ్లు కలిసి అంటార్కిటికా మీద 4 లక్షల కిలోమీటర్లు ఎగిరి, రాడార్ ప్రతిధ్వనుల్ని 35 మిల్లీమీటర్ల సినిమా రీళ్ల మీద పట్టారు. ఆ డబ్బాలు కేంబ్రిడ్జ్‌లో దశాబ్దాల పాటు పడి ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి 2019లో బయటపెట్టారు. కొత్త కొలతల పక్కన పెట్టి చూస్తే, పశ్చిమ అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం ముందు సముద్రం మీద తేలే మంచు అనుకున్నదానికంటే వేగంగా పలచబడిందని తేలింది. నలభై ఏళ్ల కిందటి మంచును ఇవాళ ఎవరూ వెళ్లి కొలవలేరు కదా.

మన వైపు నుంచీ ఒక దారి ఉంది. అంటార్కిటికాలోని భారతి కేంద్రం దగ్గర 2013 నుంచి ఇస్రో యాంటెన్నా పనిచేస్తోంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు ధ్రువం నుంచి ధ్రువానికి రోజుకు పధ్నాలుగు చుట్లు తిరుగుతాయి. హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌లో ఉన్న ఇస్రో కేంద్రం మీదుగా పోయేవి వాటిలో కొన్నే, ధ్రువం దగ్గరి యాంటెన్నాకి చాలావరకు కనిపిస్తాయి. అందుకే డేటాను అక్కడ దింపి షాద్‌నగర్‌కి పంపుతారు. భారతికి ఇరుగుపొరుగు ఎవరంటే చైనా, రష్యా కేంద్రాలు. ఈ కేంద్రాలున్న లార్సెమన్ కొండల బాగోగులు చూసే అయిదు దేశాల్లో మనమూ ఒకరం.

కొలత ఉండీ మ్యాపుకి ఎక్కకపోతే ఏమవుతుందో కెనడా ఉత్తరాన 2010 ఆగస్టులో చూశారు. క్లిప్పర్ అడ్వెంచరర్ అనే పర్యాటక నౌక కొరొనేషన్ గల్ఫ్‌లో నీట మునిగిన రాతిదిబ్బకు గుద్దుకుని కదల్లేకపోయింది. ఆ దిబ్బ ఉందని 2007లోనే నావికులకు హెచ్చరిక వెళ్లింది. నౌకలో వాడుతున్న చార్టు మీద మాత్రం ఎవరూ దాన్ని గుర్తు పెట్టలేదు. 128 మంది ప్రయాణికులను కోస్ట్ గార్డ్ నౌక వచ్చి తీసుకెళ్లింది, అదృష్టం.

ఆర్కిటిక్‌లో నేలకి పట్టాదార్లున్నారు కాబట్టి అక్కడ బేరం వేరు. అమెరికా, కెనడా, డెన్మార్క్, ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా: ఈ ఎనిమిది దేశాల మ్యాపుల శాఖలు తమ మ్యాపుల్ని అతుకు కనపడకుండా కలపడానికి 2014లో ఒప్పందం రాసుకున్నాయి. ధ్రువాన్ని మధ్యలో పెట్టి గీస్తే ఎవరో ఒకరి దేశం తలకిందులుగా వస్తుంది. దాంతో అదే మ్యాపుని తిప్పి తిప్పి వాడుకునేలా పెట్టారు: అలాస్కా వైపు నుంచి ఒకటి, కెనడా వైపు నుంచి ఒకటి, యూరప్‌కి, రష్యాకి వేరేగా.

2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక మిగతా ఏడు దేశాలు రష్యాతో ఉమ్మడి పనులు ఆపేశాయి. ఆర్కిటిక్ తీరంలో సగం రష్యాదే. అక్కడి పరిశోధన కేంద్రాలను లెక్కలోంచి తీసేస్తే మిగిలినవి మొత్తం ఆర్కిటిక్‌కి ఎంతవరకు అద్దం పడతాయో 2024లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. చిత్రం వంకరపోయింది, ముఖ్యంగా సైబీరియా టైగా అడవుల దగ్గర. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల అక్కడ కరుగుతోంది. ఆ నేల ఉష్ణోగ్రత అంకెలు ఇటువైపు వచ్చే దారులు చాలావరకు మూసుకుపోయాయి.