బీట్‌రూట్ మొలకలు: ఎన్ని నీళ్లు పోసి కడిగినా మందు పోదు

నేను బెంగళూరులో మైక్రోగ్రీన్స్ (లేతగా ఉండగానే కత్తిరించి తినే చిన్న మొలకలు) పెంచి అమ్ముతాను, వారాంతాల్లో నేర్పిస్తాను కూడా. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువాళ్లు చాలామంది. బీట్‌రూట్ దగ్గరికి వచ్చేసరికి తరచూ వినే మాట ఒకటే: "నర్సరీలో ప్యాకెట్ దొరికిందండీ, నాలుగు నీళ్లు పోసి కడిగి నానబెట్టాను." ఆ మాట వింటే గుండె గుభేలుమంటుంది. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: నాటే విత్తనాలైనా బాగా కడిగితే తినొచ్చు.

తినకూడదు. నాటడానికి అమ్మే బీట్‌రూట్ విత్తనాలకు బూజు, కుళ్లు తగలకుండా చాలావరకు థైరామ్, కాప్టాన్ లాంటి మందు పట్టిస్తారు. గులాబీ, ఎరుపు, నీలం రంగు కలిపేది అవి తిండిగింజలు కావని తెలియడానికే. పోనీ కడిగేద్దామంటే, బీట్ గింజ పెసరగింజలా నున్నగా ఉండదు. అరచేతిలో వేసుకుని చూడండి, బెండుముక్కలా గరుకుగా, గుంటలు గుంటలుగా ఉంటుంది. అసలది ఒక గింజే కాదు, కొన్ని గింజలు అతుక్కుని ఎండిపోయిన కాయల గుత్తి. ఒకటి వేస్తే రెండు మూడు మొలకలు లేచేది అందుకే. నీళ్లలోకి రంగు దిగడం కనబడుతుంది, ఆ బెండులోకి ఇంకిపోయిన మందు కనబడదు. మట్టిలో వేసి రెండు నెలలకు దుంప తవ్వుకోవడం వేరు. పది రోజుల మొలకకైతే ఆ పెంకు ఇంకా ఆకు కొసను పట్టుకునే ఉంటుంది.

మొన్నామధ్య ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఐదో నెల. హిమోగ్లోబిన్ తక్కువుందని, అనంతపురం నుంచి వచ్చిన వాళ్లమ్మ బాల్కనీలో బీట్‌రూట్ మొలకలు వేసి పెట్టిందట. ప్యాకెట్ ఫోటో పంపమన్నాను. వెనక సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది, ఆహారానికి, పశువుల మేతకు, నూనెకు వాడరాదని. "అక్కా, ఇప్పటికే పెరుగుపచ్చడిలో తిన్నాను, బిడ్డకేమైనా అవుతుందా?" అని ఏడుపు. ట్రే తీసేసి, ఆ ప్యాకెట్ పట్టుకుని అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. చూసి, కంగారు పడొద్దు, ఇక తినొద్దు అన్నారట. ఇందులో వాళ్లమ్మ తప్పేమీ లేదు. పోపుల డబ్బాలో మెంతులు తీసి మడిలో చల్లుకున్న చెయ్యి అది. ఆవిడ దృష్టిలో గింజంటే తినేదే. సన్న అక్షరాలు చదవమని ఎవరూ చెప్పలేదు.

మైక్రోగ్రీన్స్ కోసమని, మందు పట్టించనివని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. రాసి లేకపోతే, రంగు లేదు కదా అని కూడా తీసుకోవద్దు.

అపోహ: మందు లేని విత్తనం, ఇంట్లో పెంచినది, ఇక పచ్చిగా ఎంతైనా తినొచ్చు.

మొలకకు కావలసిన తడి, వెచ్చదనమే సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి జబ్బు తెచ్చే క్రిములకు కూడా కావాలి. అవి చాలావరకు గింజతోనే వస్తాయి. 2011లో జర్మనీలో మొలకల వల్ల దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. దర్యాప్తు వేలు చూపించింది మెంతిగింజల వైపు. మన వంటింట్లో ఉండే మెంతులే! ఉప్పునీళ్లు, పసుపునీళ్లు గింజ పగుళ్లలోకి దూరిన క్రిములను తీసేయలేవు. సీసాలో మొలకెత్తించి వేరుతో సహా తినడం కన్నా, కొబ్బరిపొట్టు ట్రేలో పెంచి పైకాడ కత్తిరించుకుంటే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు పచ్చిగా తినొద్దు. పప్పులో వేసి బాగా ఉడికించండి.

ఇక రక్తం పడుతుందన్న మాట. ఆ ఎరుపు బీటాలైన్ అనే రంగుది, ఇనుముది కాదు. మొలకలు తింటున్నాం కదా అని డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ పని మాత్రం చేయకండి.

తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే, కొందరికి అంతే, ఆ రంగే. టెన్షన్ వద్దు. తినకపోయినా ఎరుపు కనిపిస్తే మాత్రం పరీక్ష చేయించుకోండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి, బీట్ ఆకుల్లో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువ.

వేరు చుట్టూ తెల్లటి నూగు చూసి ట్రే పారేసేవాళ్లూ ఉన్నారు. నీళ్లు చిలకరిస్తే అణిగిపోయేది వేరు నూగు. సాలెగూడులా కాడల మీదికి పాకుతూ, ముక్కిపోయిన వాసన కొడితే బూజు. అప్పుడు ట్రే మొత్తం తీసేయాలి, బాగున్న మూల కత్తిరించుకోవడం కుదరదు. మన బెంగళూరు వాతావరణం బీట్‌కు నప్పుతుంది. చెన్నైలో ఎండాకాలం గింజ మొలిచేలోపే కుళ్లుతుంది, అక్కడివాళ్లు డిసెంబరు, జనవరిలో వేసుకోవడం మంచిది.