లంబసింగిలో ఇవాళ జీరోనా? మన్యం చలి మీద అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఉంటూ పదిహేనేళ్లుగా ఏజెన్సీ కొండల్లో వాన, చలి కొలిచే పని చేస్తున్నాను. డిసెంబరు వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతారు: "లంబసింగిలో ఇవాళ జీరోనా?" నేను ఎక్కువగా వెళ్లేది అక్కడికి కాస్త అవతల, నలభై గడపల ఊరికి. పేరు రాయను. ఉన్న ఒక్క మట్టి రోడ్డు మీద కార్లు బారులు తీరితే కష్టపడేది ఆ ఊరివాళ్లే. 2022 ఏప్రిల్ నుంచి ఈ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. మా నోట మాత్రం ఇంకా విశాఖ ఏజెన్సీ అనే వస్తుంది.

అపోహ: కారు మీద మంచు గడ్డ కట్టిందంటే అక్కడ జీరో డిగ్రీలే.

వాస్తవం: ఉష్ణోగ్రత అని మేం రాసేది గాలిది. నేలకు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసి, లోపల గాలి ఆడేలా చేసిన చెక్క పెట్టెలో థర్మామీటరు ఉంటుంది. మబ్బు లేని రాత్రి కారు పైకప్పు, గడ్డివాము, కోసేసిన వలిసె మోళ్లు తమ వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తాయి. చుట్టూ ఉన్న గాలి కంటే అవే ముందు చల్లబడతాయి. పెట్టెలో 3 డిగ్రీలు చూపిస్తుండగా పక్కనే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకోవడం కళ్లారా చూశాను. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కొయ్యలా, బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. ఆ పేరులో "బయలు" అన్న మాట ఊరికే రాలేదు. తల మీద కప్పు లేనిచోటే ఆ చలి.

ఓ ఏడాది నేను నేలకు ఆనించి పెట్టిన థర్మామీటరు అంకెను ఒక పత్రిక ఊరి ఉష్ణోగ్రత అని వేసేసింది. మర్నాడు శనివారం. ఘాట్ రోడ్డు మీద కార్లు కదల్లేదు. జ్వరంతో ఉన్న పిల్లాడిని ఆసుపత్రికి తీసుకెళ్తున్న ఆటో వాటి మధ్య రెండు గంటలు ఇరుక్కుపోయింది. అప్పటినుంచి ఎక్కడ, ఎంత ఎత్తున కొలిచానో చెప్పకుండా ఎవరికీ అంకె ఇవ్వను.

అపోహ: ఎంత పైకెక్కితే అంత చలి.

వాస్తవం: మామూలుగా నిజమే. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, లంబసింగి ఉన్నది దాదాపు ఆ ఎత్తులోనే. కానీ గాలి కదలని చలికాలపు రాత్రి ఈ లెక్క తిరగబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. నేను చెప్పే ఊళ్లో అడుగున వరి మడులు, మధ్య వాలులో ఇళ్లు, ఆ పైన సిల్వర్ ఓక్ నీడన కాఫీ, చెట్లకు పాకిన మిరియం తీగలు. ఓ జనవరిలో మడి గట్టున ఒక థర్మామీటరు, ఇళ్ల దగ్గర ఒకటి పెట్టాను. తెల్లవారుజామున గట్టు మీది థర్మామీటరు నాలుగు డిగ్రీలు తక్కువ చూపించింది. రెంటికీ మధ్య నడక పది నిమిషాలు. ఆ మాట చెబితే నేను బస చేసిన ఇంటి పెద్దమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "పల్లంలో చలి కూర్చుంటది బాబూ, అందుకే మావోళ్లు ఇక్కడ కట్టుకున్నారు" అంది. కాఫీ మొక్క కూడా గడ్డకట్టే మంచుకు తట్టుకోదు. ఆ పల్లంలో ఎవరూ ఒక్క మొక్కా వేయలేదు.

ఫోన్‌లో యాప్ కొన్ని కిలోమీటర్ల మేర అంతటికీ ఒకే అంకె చూపిస్తుంది. ఈ మడులూ ఆ వాలూ దానికి ఒక్కటే.

ఇంకో మాట. చలి చూడాలని రాత్రి మూడింటికే లేచి కూర్చుంటారు చాలామంది. అసలు చలి పొద్దు పొడిచే వేళకు, ఆ తర్వాత కాసేపటికి.

అపోహ: లంబసింగి అంటే ఆంధ్రా కాశ్మీర్ కదా, ఎప్పుడో ఒకప్పుడు హిమం కురుస్తుంది.

వాస్తవం: కురవదు. మనకు చలి ఉన్న రోజుల్లో పైన గాలి పొడిగా ఉంటుంది. బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి మబ్బు పట్టిందా, నేల వేడి పైకి పోక ఉష్ణోగ్రత పెరుగుతుంది. చలీ తేమా ఒకేసారి కలవవు. పొగమంచుకీ, గడ్డి మీద పేరుకునేదానికీ, హిమానికీ అన్నిటికీ మనం మంచు అనే అంటాం. చాలా గందరగోళం అక్కడే పుడుతోంది.

అపోహ: ఏడాది పొడవునా చల్లగానే ఉంటుంది.

వాస్తవం: మే మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటుతుంది. జనవరిలో కూడా పొద్దున్న 6 ఉన్నచోట మధ్యాహ్నానికి 25 ఉండొచ్చు. సముద్రం పక్కనున్న విశాఖలో ఇంత తేడా కనిపించదు.

అపోహ: పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు కొండెక్కి మన దగ్గరికి వస్తాయి.

వాస్తవం: పాల సముద్రంలా కనిపించేది ఎక్కువసార్లు లోయలో పుట్టిన పొగమంచే. పల్లానికి జారిన చల్లగాలిలో తేమ చుక్కలుగా మారితే అది ఏర్పడుతుంది, మనం దానికి పైన నిలబడి చూస్తాం. ముందురోజు నేల తడిగా ఉండి, సాయంత్రం నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తూ, గాలి లేకపోతే ఆశ పెట్టుకోవచ్చు. సముద్రంలో అల్పపీడనం ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

అపోహ: కొండల్లో అంత వాన పడుతుంది, నీళ్లకేం లోటు?

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇది. విశాఖలో ఎక్కువ వాన అక్టోబరులో, కొండల్లో జూలై, ఆగస్టుల్లో. పడిన వానలో చాలా భాగం వాలు మీద నిలవక గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, పోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ, శారదా నదులు తాటిపూడి, రైవాడ జలాశయాలు నింపి మన నగరం కుళాయిల దాకా వస్తాయి. కొండమీద మిగిలేది రాళ్ల సందుల్లో ఇంకి, ఊటగా మెల్లగా బయటికి వచ్చే నీరే. అడుగున గట్టి రాయి, బోరు వేసినా చాలాచోట్ల పడదు.

ఆ ఊరి ఊట దగ్గర వాచీ పెట్టి చూస్తుంటాను. నవంబరులో బిందె నిండడానికి ఒక నిమిషం. ఏప్రిల్‌లో పన్నెండు నిమిషాలు, వెనక వరసలో పది బిందెలు. వేసవిలో ఆ కొండలకు వెళ్లేవాళ్లు నీళ్ల క్యాన్లు కింద నర్సీపట్నంలోనే నింపుకుని ఎక్కండి.