కొత్త పెట్టలు తెచ్చుకున్నారా? ఈ అపోహలు ముందు వదిలేయండి

గుడ్లకు రాబోయే పెట్టల్ని పెంచి, పెరట్లో పెట్టుకునేవాళ్లకు ఇవ్వడం నా పని. కోళ్లు తీసుకెళ్లిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. మేత ముట్టట్లేదండీ, గూట్లోకి రమ్మంటే చెట్టెక్కి కూర్చుంది, పాతవి దీన్ని చంపేసేలా ఉన్నాయి, గుడ్లు పెడుతుందన్నారు ఒక్కటీ లేదు. వీటిలో ఎక్కువ భాగం కోడి వల్ల వచ్చిన ఇబ్బందులు కావు. ఎవరో చెప్పిన మాట నమ్మి మనం తొందరపడటం వల్ల వచ్చినవి. ఆ మాటలు ఏంటో, అసలు సంగతి ఏంటో ఒక్కసారి రాసి పెడదామనిపించింది.

అపోహ: తెచ్చిన రోజే పెరట్లో వదిలేస్తే తిరిగి తిరిగి అదే అలవాటు పడుతుంది.

పడదు. కోడికి ఇల్లంటే నిన్న రాత్రి పడుకున్న చోటు, అంతే. మీ గూట్లో ఇంకా ఒక్క రాత్రి కూడా పడుకోని కోడికి పొద్దువాలేసరికి ఎటు పోవాలో ఎలా తెలుస్తుంది? ఎత్తుగా ఏది కనిపిస్తే దానిమీదకు ఎక్కుతుంది. అందుకే తెచ్చిన బుట్టను నేరుగా గూటి లోపలికి (పాత కోళ్లుంటే, కింద చెప్పబోయే విడి చోటికి) తీసుకెళ్లి అక్కడే తెరవండి. ఓ వారం పాటు గూడు, దాన్ని ఆనుకుని జాలీ కట్టిన జాగా, ఇంతవరకే తిరగనివ్వండి, మొహమాటపడి మధ్యలో వదలొద్దు. సాయంత్రం వెలుతురు తగ్గాక ఒకసారి తొంగిచూసి, నేల మీద మూలకు నక్కి ఉంటే ఎత్తి వాలే కర్ర మీద పెట్టండి, చీకట్లో కోళ్లకు దాదాపు ఏమీ కనపడదు కాబట్టి పెట్టిన చోటే ఉండిపోతాయి. నాలుగైదు రాత్రులు ఇలా చేస్తే తర్వాత అవే ఎక్కుతాయి. మొదటిసారి బయటకు వదిలేది కూడా పొద్దున కాదు, పొద్దుగూకడానికి ఓ గంట ముందు, కాస్త ఆకలి మీద ఉన్నప్పుడు. దూరం పోవు, మేత గిన్నె చప్పుడు చేస్తే వెనక్కి వచ్చేస్తాయి.

అప్పటికే చెట్టెక్కేసిందా, వెలుతురు ఉండగా దాని వెంటపడి పరిగెత్తకండి. పూర్తిగా చీకటి పడ్డాక టార్చి వేసుకుని వెళ్లి రెండు రెక్కలూ కలిపి పట్టుకుంటే గొడవ లేకుండా వచ్చేస్తుంది.

అపోహ: తినట్లేదంటే జబ్బు చేసినట్టే.

మొదటి రోజు సరిగా తినకపోవడం మామూలే, కొత్త చోటు, ప్రయాణం, భయం. నేను చూసేది ముందు నీళ్లు. మేత ఒక పూట తగ్గినా తట్టుకుంటుంది, నీళ్లు తగ్గితే మాత్రం, అందులోనూ ఎండ పూట, చాలా త్వరగా నీరసించిపోతుంది. ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. గిన్నెలో నీళ్లు తాగి పెరిగిన కోడికి నిపుల్ పైపు, అంటే ముక్కుతో పొడిస్తే నీటి చుక్కలు వచ్చే పైపు, ఏంటో తెలీదు, నిపుల్‌కి అలవాటైన దానికి గిన్నె తెలీదు. పక్కనే నీళ్లున్నా దాహంతో నిలబడుతుంది. మొదటి వారం రెండూ పెట్టండి, కోడి ముక్కును మెల్లగా ఒకసారి నీళ్లకు తాకించండి, ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి.

తిందో లేదో తెలుసుకోవాలంటే మేత గిన్నె చూస్తే లాభం లేదు, పిచ్చుకలు తిని పోయుండొచ్చు. రాత్రి కోడి కర్రెక్కాక మెడ కింద, రొమ్ముకు కాస్త కుడి పక్కగా చెయ్యి పెట్టి తడమండి. అక్కడే మేత తిత్తి ఉంటుంది. తిన్న కోడికి అది నిండుగా, నొక్కితే మెత్తమెత్తగా గింజలు తగులుతూ ఉంటుంది. పొద్దున మేత వేయకముందు చూస్తే ఖాళీ అయిపోయి ఉండాలి. రాత్రి నిండి, పొద్దున ఖాళీ అయితే టెన్షన్ పడాల్సిన పని లేదు. వరసగా రెండు రాత్రులు ఖాళీగా ఉంటే, లేదా పొద్దున కూడా గట్టిగా ఉండలా ఉంటే అప్పుడు ఆలోచించాలి.

మేత కూడా ఒక్కసారిగా మార్చకండి. అమ్మినవాళ్లను వాళ్లు పెట్టే దాణా కొంచెం అడిగి తెచ్చుకుని, మీ దాణాలో కలుపుతూ ఓ వారంలో మార్చండి. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. ఇంకా గుడ్లకు రాని చిన్నవాటికి లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసే దాణా, వద్దు. అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, పెంకు కట్టే పని ఇంకా మొదలవని ఒంటికి అంత కాల్షియం కిడ్నీల మీద భారం.

అపోహ: చూడ్డానికి నవనవలాడుతోంది కదా, విడిగా ఉంచడం దేనికి?

మీ దగ్గర పాత కోళ్లు లేకపోతే ఈ భాగం దాటేయండి. ఉంటే మాత్రం దీన్నొక్కదాన్ని కొట్టిపారేయకండి, ఎందుకంటే మిగతా పొరపాట్లకు ఒక కోడి ఇబ్బంది పడుతుంది, దీనికి గూడంతా ఖాళీ అవుతుంది. కోళ్లు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. కొక్కెర రోగం, అదే రాణిఖేత్, ఒంట్లోకి చేరిన రెండు రోజులకూ బయటపడొచ్చు, రెండు వారాలకూ బయటపడొచ్చు. మైకోప్లాస్మా అనే ఊపిరి జబ్బు క్రిమి పట్టిన కోడి అయితే గురక తగ్గి మామూలుగా తిరుగుతూనే జన్మంతా దాన్ని మోస్తూ పక్కవాటికి అంటిస్తుంది. అందుకే 3 నుంచి 4 వారాలు వేరే చోట, వేరే గిన్నెలతో ఉంచాలి. ఒకే గూట్లో మధ్యన జాలీ కట్టి వేరుగా ఉంచామంటే కుదరదు, గాలీ దుమ్మూ జాలీ దగ్గర ఆగవు. పని చేసేటప్పుడు కూడా ముందు పాతవాటికి చూసి తర్వాత కొత్తవాటి దగ్గరకు వెళ్లండి, చెప్పులు వేరేవి పెట్టుకోండి.

ఈ రోజుల్లోనే తోక కింద ఈకలు విడదీసి చూడండి. ఈక మొదట్లో తెల్లగా గుత్తులుగా అంటుకుని ఉన్నవి పేల గుడ్లు. రక్తం తాగే ఎర్ర మైట్లు (నల్లి లాంటి చిన్న పురుగులు) పగలు కోడి మీద దొరకవు, కర్ర అడుగున, చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి వస్తాయి, కాబట్టి టార్చి వేసి కర్ర అడుగు చూడాలి. మందు ఒక్కసారి వేసి ఊరుకుంటే గుడ్లలోంచి మళ్లీ పుట్టుకొస్తాయి, 7 నుంచి 10 రోజులకు రెండోసారి వేయాల్సిందే. మందు మాత్రం కోళ్లకు వాడేదే వాడండి.

అపోహ: రాత్రి చీకట్లో పాతవాటి మధ్య కూర్చోబెట్టేస్తే పొద్దున్నే గుర్తుపట్టవు.

నాకు బాగా ఒళ్లు మండే మాట ఇది. కోళ్లకు తెలివి లేదనుకునేవాళ్లు పుట్టించింది. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే 1920ల మొదట్లోనే కోళ్ల గుంపులో ఎవరు ఎవర్ని పొడవొచ్చు అన్న వరస ఉంటుందని రాశాడు. తలనీ తురాయినీ చూసి ఒకదాన్నొకటి పోల్చుకుంటాయి, గుంపులో కొత్త ముఖం ఏదో వాటికి వెంటనే తెలిసిపోతుంది. మీరు నిద్ర లేవకముందే తెల్లారుతుంది, తలుపు మూసి ఉంటుంది, కొత్తదానికి పారిపోయే దారి ఉండదు. మీరు వచ్చి చూసేసరికి తల మీద చర్మం లేచిపోయి ఉంటుంది.

విడిగా ఉంచిన వారాలు అయ్యాక మధ్యలో జాలీ కట్టి ఒకటి రెండు వారాలు ఒకదానికొకటి కనపడేలా ఉంచండి. మేత గిన్నెలు జాలీకి అటూ ఇటూ పక్కపక్కనే పెడితే ఇంకా మంచిది. ఆ తర్వాత కలపడం కూడా గూట్లో కాదు, బయట విశాలమైన చోట. మేతకీ నీళ్లకీ రెండేసి చోట్లు, ఒక చెక్క నిలబెట్టి దాని వెనక దాక్కునే చాటు, తప్పించుకునే దారి లేని మూల ఉంటే దాన్ని మూసేయడం. ఇవన్నీ అయ్యాక రాత్రి తెచ్చి కర్ర మీద పెట్టినా ఇబ్బంది లేదు, అప్పటికి పరిచయం అయిపోయింది కదా. ఒక్క కోడిని మాత్రం తేకండి. కనీసం రెండు తెస్తే పోట్లు పంచుకుంటాయి. పిల్లల్ని అయితే పెద్దవాటి సైజుకు దగ్గరగా వచ్చేదాకా కలపొద్దు.

కలిపాక పోట్లాట ఉంటుంది. తరమడం, తల మీద ఒక పోటు, ఓ రెండు ఈకలు లేవడం, ఇవి చూసి మధ్యలో దూరకండి, దూరితే వరస తేలక రేపు మళ్లీ మొదలవుతుంది. రక్తం కనిపించినా, ఒకదాన్ని మూలకు తోసి వదలకుండా పొడుస్తున్నా, నీళ్ల దగ్గరకే రానివ్వకపోయినా అప్పుడు కల్పించుకోండి. రక్తం కారేదాన్ని వెంటనే తీసేయాలి, ఎర్రగా కనపడితే మిగతావీ వచ్చి పొడుస్తాయి. రక్తం లేకపోతే చాలామంది దెబ్బలు తినేదాన్ని వేరు చేస్తారు. నేను కొట్టేదాన్ని తీస్తాను. మూడు నాలుగు రోజులు గుంపుకు దూరంగా ఉండి వచ్చేసరికి తనే కొత్తదైపోయి పొగరు కొంత దిగుతుంది.

అపోహ: వారమైనా గుడ్డు లేదు, ముసలిదాన్ని అంటగట్టారు.

కావచ్చు, అమ్మేవాళ్లందరూ సత్యహరిశ్చంద్రులని నేను చెప్పను. కానీ చోటు మారితే గుడ్లు ఆగడం మామూలు, రెండు మూడు వారాలైనా పట్టొచ్చు. ఈకలు రాల్చే సమయమైతే రెండు మూడు నెలలు కూడా. పగటి వెలుతురు బాగా తగ్గే నెలల్లోనూ తగ్గిపోతాయి, నిలకడగా పెట్టాలంటే 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. ఇంకా గుడ్లకు రాని లేత పెట్ట అయితే జాతిని బట్టి 18 నుంచి 24 వారాల మధ్య మొదలుపెడుతుంది. తురాయి ఎర్రబడి, మీరు దగ్గరకెళ్లి వీపు మీద చెయ్యి పెట్టబోతే రెక్కలు కాస్త దించి నేలకు చతికిలబడిందంటే ఇక రోజుల్లో పని. పుంజు లేకుండా గుడ్లు పెట్టవేమో అన్న అనుమానం ఇంకా కొందరికి ఉంది. పెడతాయి, కాకపోతే పొదిగితే పిల్లలు రావు.

గుడ్లు పెట్టే పెట్టెల్లోనే పడుకుంటున్నాయంటే వాలే కర్ర పెట్టె కన్నా కిందికి ఉందేమో చూడండి, కోళ్లు ఎత్తు వెతుక్కుంటాయి. కర్ర పైకి మార్చి, కొన్నాళ్లు సాయంత్రం పెట్టెలు మూసేస్తే సరి. కోడికి 20 నుంచి 25 సెంటీమీటర్ల కర్ర, నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు.

అపోహ: ముందుజాగ్రత్తగా నీళ్లలో యాంటీబయాటిక్ కలిపేయాలి.

వద్దు. భయానికి యాంటీబయాటిక్ మందు కాదు, వైరస్ రోగాలకూ కాదు. మందు అవశేషాలు గుడ్డులోకి వస్తాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు అది పనిచేయకుండా పోతుంది. మెడ తిరగడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ముఖం వాచడం, రెట్టలో రక్తం, ఇలాంటివి కనపడితే పశువుల డాక్టరుకు చూపించండి, మోతాదు ఆయన చెబుతారు.

ఇక గూడు. చలిగాలి తగులుతుందని సందులన్నీ గోనెసంచులతో కుక్కేస్తుంటారు, అప్పుడు రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా లోపలే ఉండిపోయి కళ్లూ ఊపిరితిత్తులూ పాడవుతాయి. పడుకునే ఎత్తుకు పైన గాలి ఆడే కిటికీ ఉండాలి, గాలి నేరుగా కోడికి కొట్టకూడదు, అంతే తేడా. ఆ కిటికీకి పల్చటి షట్కోణాల కోళ్ల జాలీ కొట్టి నిశ్చింతగా ఉండకండి, అది కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కను బయట ఆపదు, దాని కన్నాల్లోంచి ఎలుకలు దూరతాయి. అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ (తీగలు అతికించిన గట్టి జాలీ) వేసి, తలుపుకు తోస్తే తెరుచుకోని గొళ్లెం పెట్టించండి.