ఆర్వో ఫిల్టర్ల ఖర్చు: అపోహలు - వాస్తవాలు

మార్చి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అబ్బాయ్, ఫిల్టర్లో నీళ్లు దారంలా వస్తున్నాయి. మొత్తం సెట్టు మార్చాలంట గదా, ఎంతవుద్ది?" మూత కూడా తీయకముందే మొత్తం సెట్టు మార్చాలని ఎవరో చెప్పేసి ఉంటారు. ఒంగోలులో పద్నాలుగేళ్లుగా వాటర్ ప్యూరిఫయర్లు బాగుచేస్తున్నాను. మొదటి నాలుగేళ్లు ఒక కంపెనీ సర్వీసులో చేశాను. అప్పుడు నేనూ అదే మాట చెప్పేవాణ్ని, టార్గెట్ అలా ఉండేది మరి. సొంతంగా పెట్టుకున్నాకే ఏది మార్చాలో, ఏది అక్కర్లేదో మనసు విప్పి చెప్పగలుగుతున్నాను.

ముందు పెట్టెలో ఏముందో చూద్దాం. బయట గోడకు బిగించిన బౌల్లో తెల్లగా ఉండేది స్పన్ ఫిల్టర్. మన జనం క్యాండిల్ అంటారు. దాని పని మట్టిని, ఇసుకను ఆపడం. తర్వాత కార్బన్, అది క్లోరిన్‌ను, వాసనను పీల్చుకుంటుంది. ఆపైన పంపు, అది నీళ్లను ఒత్తిడితో అతి సన్న పొర అయిన మెంబ్రేన్‌లోకి తోస్తుంది. ఉప్పును, ఫ్లోరైడ్‌ను ఆపేది ఈ మెంబ్రేన్ ఒక్కటే, ఆర్వో అంటే ఈ పద్ధతే. ఇక రేట్లు. స్పన్ 100 రూపాయలు అటూ ఇటూ. కార్బన్ 300 - 400. మెంబ్రేన్ రకాన్ని బట్టి 1,200 నుంచి 2,500 దాకా. ముందున్న చౌక సరుకు పాడైతే దాని వెనకున్న ఖరీదైన సరుకు పాడవుతుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: ఆరు నెలలకోసారి అన్నీ మార్చెయ్యాలి

నీళ్లకు క్యాలెండర్ తెలియదు. సంతపేటలో ఒకే వీధిలో రెండిళ్లు ఉన్నాయి. ఒకరివి మున్సిపాలిటీ నీళ్లు, ట్యాంకు శుభ్రంగా ఉంటుంది, స్పన్ ఐదు నెలలకు కూడా లేత గోధుమ రంగులోనే ఉంటుంది. ఎదురింటివాళ్లు ఎండాకాలమంతా ట్యాంకర్ పోయించుకుంటారు, నెల తిరక్కుండానే అది ఎర్రమట్టి కడ్డీలా తయారవుతుంది. ఇద్దరికీ ఒకే గడువు పెడితే ఒకరికి డబ్బు దండగ, ఇంకొకరికి మెంబ్రేన్ దండగ.

మరి ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది? 200 రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ఒకటి, మీ ఫోన్లో గడియారం ఒకటి చాలు. కొత్తగా ఫిల్టర్లు వేయించిన రోజునే రెండు పనులు చెయ్యండి. స్టోరేజీ ట్యాంకులోకి వెళ్లే పైపు కింద లీటరు సీసా పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 75 జీపీడీ, అంటే రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేన్, లెక్క ప్రకారం గంటకు దాదాపు 12 లీటర్లు ఇవ్వాలి, అంటే లీటరుకు ఐదు నిమిషాలు. ఇళ్లలో ఒత్తిడిని బట్టి ఆరేడు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. రెండోది, లోపలికి వెళ్లే నీళ్ల టీడీఎస్, బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ కొలవండి. ఈ మూడు అంకెలూ మిషన్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసెయ్యండి.

తర్వాత ఎప్పుడైనా నీళ్లు సన్నబడితే ముందు స్పన్ తీసేసి, ఖాళీ బౌల్‌తో రెండు నిమిషాలు మాత్రం నడిపి చూడండి. ధార మళ్లీ వచ్చిందా, తప్పు 100 రూపాయల క్యాండిల్‌ది. రాలేదా, కార్బనో పంపో చూడాలి, అవి బాగుంటే మెంబ్రేన్ మూసుకుపోయిందేమో చూడాలి. ధార బాగానే ఉండి టీడీఎస్ పెరుగుతుంటే అప్పుడు మెంబ్రేన్ వంతు. లోపలికి 1,400 వెళ్లి బయటికి 110 వస్తుంటే మెంబ్రేన్ 92 శాతం ఆపుతున్నట్టు, దాని జోలికి పోవద్దు. అదే 1,400కి 350 వస్తుంటే పావు వంతు దాటిపోతున్నట్టు, దాని పని అయిపోయింది. ఎన్నేళ్లయిందని అడగక్కర్లేదు. నా కస్టమర్లలో మెంబ్రేన్ నాలుగేళ్లు నడిచినవాళ్లూ ఉన్నారు, ఎనిమిది నెలల్లో పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పోగొట్టుకున్న ఇళ్లన్నిట్లో స్పన్ నల్లగా, గట్టిగా రాయిలా ఉండేది.

అపోహ: క్యాండిల్ కడిగి మళ్లీ వాడుకోవచ్చు

మా అమ్మ కూడా ఇదే అంటుంది. పాతకాలంలో స్టీలు ఫిల్టర్లో తెల్ల పింగాణీ క్యాండిల్ ఉండేది, దాన్ని పీచుతో రుద్ది కడిగేవాళ్లం. అది వేరు. దాని మురికి పైనే ఉంటుంది. స్పన్ దారాలు పొరలు పొరలుగా లోపలిదాకా ఉంటాయి, మట్టి ఆ లోతుల్లో ఇరుక్కుంటుంది. పైపైన కడిగితే చూడటానికి తెల్లబడుతుంది గానీ లోపల అలాగే ఉంటుంది. షాపు మూసేసిన పూట, కొత్తది దొరికేదాకా ఒకసారి కడిగి పెట్టుకుంటే తప్పులేదు. అదే అలవాటైతే 100 మిగుల్చుకుని 2,000 పోగొట్టుకున్నట్టే. కార్బన్‌ను కడిగి ఎండబెట్టడం మాత్రం శుద్ధ దండగ. అది పీల్చుకున్నది ఎండకు పోదు.

కడిగి వాడుకోవాల్సిన ఫిల్టర్ మీ ఇంట్లో ఒకటుంది, దాన్ని ఎవరూ కడగరు. ఏసీ జాలీ! చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ముకి పదిహేను రోజుల్లో మూసుకుపోతుంది. బయటికి తీసి కుళాయి కింద పెట్టి, నీడలో ఆరబెట్టి పెట్టేస్తే పైసా ఖర్చు లేదు. సరే, మన నీళ్ల దగ్గరికి వద్దాం.

స్పన్ ఎక్కువ రోజులు రావాలంటే పైన ట్యాంకు కడిగించండి. ట్యాంకర్ నీళ్లు పోయించుకుంటే పోసిన వెంటనే మిషన్ ఆన్ చెయ్యకుండా మూడు నాలుగు గంటలు తేరుకోనివ్వండి. ఇవి చేసిన ఇళ్లలో క్యాండిళ్ల ఖర్చు సగానికి పడిపోవడం చూశాను.

అపోహ: రాడ్లు పెడితే నీళ్లు నల్లబడ్డాయి, కాబట్టి ఫిల్టర్ పోయింది

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా చేత కూడా ఇది చేయించారు. ఒకాయన బ్యాగుతో వస్తాడు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తన మిషన్ నీళ్లు పోస్తాడు. కరెంటు రాడ్లు ముంచుతాడు. నిమిషంలో కుళాయి నీళ్లు బురదరంగులోకి మారి అడుగున మడ్డి దిగుతుంది. ఇంట్లో ఆడవాళ్లు అమ్మో అంటారు. "ఇదేనమ్మా మీరు తాగుతోంది!"

ఆ మడ్డి నీళ్లలోంచి వచ్చింది కాదు, రాడ్డులోంచి వచ్చింది. ఆ రాడ్డు ఇనుము. ఉప్పున్న నీళ్లలో కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పు రంగు దిగుతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకే రంగు మారదు. అంతే మర్మం. నమ్మకం కుదరకపోతే ఆయన తెచ్చిన శుభ్రమైన నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి. అదీ బురద అవుతుంది. అడిగిన వెంటనే బ్యాగు సర్దుకుంటారు చూడండి. ఆ రాడ్లు ముంచిన గ్లాసులో వేలు మాత్రం పెట్టకండి, షాక్ కొడుతుంది.

అపోహ: నీళ్లు చప్పగా ఉంటే టీడీఎస్ స్క్రూ తిప్పుకుంటే సరి

ఒంగోలు టౌన్లో అయితే ఇది రుచి సంగతి. దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఇది ఎముకల సంగతి. ఆ ఊళ్లలో పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలు, నడుం వంగిపోయిన పెద్దవాళ్లు ఎందుకున్నారో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అది. తాగే నీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కే లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు.

ఆ స్క్రూ, అంటే టీడీఎస్ అడ్జస్టర్, చేసే పనేమిటి? మెంబ్రేన్ దాకా వెళ్లని నీళ్లను కొంచెం తెచ్చి శుభ్రమైన నీళ్లలో కలపడం. లెక్క వేద్దాం. బోరులో ఫ్లోరైడ్ 4 మిల్లీగ్రాములు ఉందనుకోండి. మెంబ్రేన్ 90 శాతం ఆపితే 0.4కి దిగుతుంది, హాయిగా తాగొచ్చు. ఇప్పుడు రుచి కోసం స్క్రూ తిప్పి నూటికి 30 పాళ్లు బోరు నీళ్లు కలిపారు. ఫ్లోరైడ్ దాదాపు 1.5కి ఎక్కి కూర్చుంటుంది. వేలు పోసి మిషన్ కొని, ఒక్క స్క్రూతో దాని పని సగం చెడగొట్టినట్టు. దీన్ని టీడీఎస్ మీటరు పట్టుకోలేదు. దాదాపు 1,200 మిల్లీగ్రాముల ఉప్పులో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఎక్కడ కనపడుతుంది? దానికి నీళ్ల శాంపిల్ ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల ల్యాబ్‌లో చేస్తారు.

ఫ్లోరైడ్ ఊళ్లలో నేను ఆ స్క్రూ పూర్తిగా బిగించేసి, చప్పగా ఉందంటే మినరల్ కార్ట్రిడ్జ్ పెడతాను. అది బోరు నీళ్లు కలపదు. ఇంకోమాట, ఈ ఊళ్లలో మెంబ్రేన్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. టౌన్లో 85 శాతం ఆపుతుంటే ఇంకొన్నాళ్లు చూద్దామంటాను, అక్కడ మార్చెయ్యమంటాను.

అపోహ: కాచి తాగితే ఫిల్టర్ ఖర్చే ఉండదు

కాస్తే క్రిములు చస్తాయి. ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోవు. పైగా నీళ్లు ఆవిరై, మిగిలినవాటిలో ఇంకాస్త చిక్కబడతాయి.

అపోహ: వేస్టు పైపు నొక్కితే నీళ్లు మిగులుతాయి

ఇది మంచి బుద్ధితోనే చేస్తారు. నీళ్లకు కటకటలాడే జిల్లా మనది, లీటరు తాగటానికి మూడు లీటర్లు మోరీలోకి పోతుంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. కానీ ఆ వేస్టు నీళ్లే మెంబ్రేన్‌ను కడుగుతాయి. లోపలికి 1,400 టీడీఎస్ వెళ్తూ పావు వంతు మాత్రమే తాగే నీళ్లుగా వస్తుంటే, వేస్టు టీడీఎస్ సుమారు 1,900 ఉంటుంది. పైపు నొక్కి 70 శాతం లాగాలని చూస్తే, ఆ మిగిలిన కాసిని నీళ్లలో టీడీఎస్ 4,500 దాటుతుంది. గీజరు రాడ్డుకి పట్టినట్టు సున్నం మెంబ్రేన్ లోపల పట్టేస్తుంది. రెండు నెలలు నీళ్లు మిగులుతాయి, మూడో నెల నాకు ఫోనొస్తుంది. ఆ వేస్టు నీళ్లను బకెట్లో పట్టి ఇల్లు తుడవండి, బాత్రూముల్లో పొయ్యండి. ఉప్పు బోరయితే మొక్కలకు మాత్రం వద్దు.

అపోహ: కంపెనీ స్పేర్ తప్ప ఇంకోటి వేస్తే మిషన్ పోతుంది

చాలా మిషన్లలో స్పన్ 10 అంగుళాల సైజు, మెంబ్రేన్ 1812 సైజు, పైపులు పావు అంగుళం. పైన స్టిక్కర్ వేరు, లోపల కొలత ఒకటే. కొన్ని కంపెనీలు సొంత మూతతో, సొంత బిగింపుతో కార్ట్రిడ్జ్‌లు చేస్తాయి, అవి వాళ్ల దగ్గరే కొనాలి. కాబట్టి మిషన్ కొనేముందే "దీనికి బజారు క్యాండిల్ పడుతుందా?" అని అడగండి. షోరూములో తగ్గించిన వెయ్యి రూపాయలను తర్వాత ఐదేళ్లు స్పేర్ల మీద రాబట్టుకునే మిషన్లు ఉన్నాయి. వారంటీలో ఉన్నంతకాలం మాత్రం బయటివాళ్లను చెయ్యి పెట్టనివ్వకండి, నన్ను కూడా.

బజారు సరుకంతా మంచిదని కాదు. 40 రూపాయల స్పన్‌ను చేత్తో నొక్కి చూడండి, దూదిలా దిగిపోతే వద్దు. మంచిది గట్టిగా, చేతికి కాస్త బరువుగా ఉంటుంది.

ఏఎంసీ, అంటే ఏడాది సర్వీసు ఒప్పందం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏడాదికి 4,000 - 5,000 కట్టే ఏఎంసీలో మెంబ్రేన్, పంపు ఉన్నాయో లేవో కాగితం మీద చూడండి. అవి లేకపోతే మీరు కడుతున్నది మూడు నాలుగు క్యాండిళ్లకూ ఒక కార్బన్‌కూ. అవి విడిగా కొంటే వెయ్యి లోపే. ఉప్పు బోరు ఇళ్లకు, అన్నీ కలిపిన ఏఎంసీ ఒక్కోసారి గిట్టుబాటే, అది కాదనను.

అపోహ: ఎవరింట్లోనైనా ఆర్వో ఉండాల్సిందే

మా చెల్లెలు వాళ్లది నెల్లూరు. ఆర్వో కొనివ్వమని అడిగితే మీటరు పట్టుకుని వెళ్లాను. వాళ్ల కుళాయి నీళ్ల టీడీఎస్ 280. ప్రమాణం ప్రకారం 500 దాకా నిక్షేపంగా తాగొచ్చు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపున్నచోట ఆర్వో వద్దనే చెప్పింది. స్పన్, కార్బన్, యూవీ (క్రిముల్ని చంపే లైటు) ఉన్న మిషన్ పెట్టించాను. మెంబ్రేన్ లేదు, వేస్టు లేదు. బావ మాత్రం ఇప్పటికీ పక్కింటివాళ్ల ఆర్వో వైపు ఆశగా చూస్తుంటాడు. యూవీ లైటు నీలంగా వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి ఉంచెయ్యకండి. కంటికి వెలుగు కనపడుతూనే ఉన్నా క్రిముల్ని చంపే శక్తి తగ్గిపోతుంది. దాని మీద రాసిన గంటలు అయిపోతే మార్చాల్సిందే, ఇక్కడొక్కచోట క్యాలెండర్ మాట వినాలి.

చివరగా, కొత్త కార్బన్ వేసిన రోజు నీళ్లు నల్లగా వచ్చాయని రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్లకు: అది బొగ్గుపొడి, కాసేపు వదిలేస్తే పోతుంది. మెంబ్రేన్ మార్చినప్పుడు మొదటి ట్యాంకు నీళ్లు తాగకండి. ఆ నీళ్లతో అంట్లు తోముకోండి.