హరిత విద్యుత్ ఒప్పందాలు: విశాఖ ముందున్న ప్రశ్నకు నేపథ్యం

2025 జనవరి 8న విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ మైదానంలో జరిగిన సభ నుంచి ప్రధాని నరేంద్ర మోదీ, అచ్యుతాపురం సమీపంలోని పూడిమడకలో కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ తలపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ (పునరుత్పాదక విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కు శంకుస్థాపన చేశారు. సుమారు 1.85 లక్షల కోట్ల రూపాయల ఈ ప్రణాళికలో 20 గిగావాట్ల (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం కూడా భాగం. ఇంత పెట్టుబడి విద్యుత్ కొనుగోలు ఒప్పందాలపై నమ్మకం ఉంటేనే వస్తుంది. ఒకసారి సంతకమైన ధరను ప్రభుత్వం తర్వాత తిరగదోడవచ్చా అన్నదే ఇప్పుడు విశాఖ ముందున్న ప్రశ్న. ఆ నమ్మకం మన రాష్ట్రంలో ఒకసారి గట్టిగా దెబ్బతిన్నది.

నీటితో విద్యుత్తు తీయడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు; 1955 నాటికే మాచ్‌ఖండ్, ఆ తర్వాత సీలేరు మనకు వెలుగునిచ్చాయి. సౌర, పవన విద్యుత్తులకు ప్రోత్సాహం మాత్రం 1970ల చమురు సంక్షోభం తర్వాతే మొదలైంది. కేంద్రం 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగాన్ని ఏర్పాటు చేసి, 1992లో దానిని మంత్రిత్వశాఖగా మార్చింది. అయినా కొనేవారు ఖాయంగా లేనంతకాలం రాయితీలు పెద్దగా ఫలించలేదు. 2003 విద్యుత్ చట్టం ఆ లోటు తీర్చింది: డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) తమ కొనుగోళ్లలో కొంత వాటాను పునరుత్పాదక వనరుల నుంచి తీసుకునేలా నిర్దేశించే బాధ్యతను విద్యుత్ ధరలను నిర్ణయించే రాష్ట్ర నియంత్రణ మండళ్లకు అప్పగించింది.

2010లో ప్రారంభమైన జాతీయ సౌర మిషన్ లక్ష్యం 2022 నాటికి 20 గిగావాట్లు. 2015లో దానిని 100 గిగావాట్లకు పెంచారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ సౌర, పవన విధానాలను ప్రకటించింది. మండలి నిర్ణయించిన ధరకు, పవన విద్యుత్తయితే యూనిట్‌కు 4 రూపాయల 80 పైసల పైచిలుకుకు, డిస్కంలు పాతికేళ్ల ఒప్పందాలు చేసుకున్నాయి. ఇంతలో 2017 వేలాల్లో ఇతర రాష్ట్రాల్లో సౌర, పవన ధరలు రెండున్నర రూపాయల లోపుకు దిగివచ్చాయి.

వివాదమంతా ఇక్కడే పుట్టింది. పాత ధరలు డిస్కంలకు భారమయ్యాయంటూ రాష్ట్ర ప్రభుత్వం 2019 జూలై 1న జీవో 63 ద్వారా, ఒప్పందాలను సమీక్షించి ధర తగ్గింపుపై సంప్రదింపులు జరిపే ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. ప్రభుత్వ ఆవేదనలో నిజం లేకపోలేదు; ఆ భారం చివరికి వినియోగదారుడి బిల్లులోనే కనిపిస్తుంది. కానీ చట్టబద్ధంగా ఖరారైన ధరను నమ్మి అప్పు తెచ్చి గాలిమరలు నిలబెట్టినవారికి, తర్వాత ధర పడిపోయిందన్న కారణంతో చెల్లింపులు తగ్గించడం న్యాయం కాదు. కేసు హైకోర్టులో సాగుతుండగా పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయల మధ్యంతర ధర చెల్లించాలన్న ఆదేశం వచ్చింది. 2022 మార్చి 15న ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టివేసి, బకాయిలను ఆరు వారాల్లో చెల్లించాలని తీర్పునిచ్చింది.

ఆ కాలంలో విశాఖలో పని ఆగలేదు. వివాదానికి ముందే, 2018లో, ముడసర్లోవ జలాశయంపై 2 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం వచ్చింది; 2021లో సింహాద్రి జలాశయంపై 25 మెగావాట్ల కేంద్రం వచ్చింది. అయితే రెండువేల మెగావాట్ల సింహాద్రి బొగ్గు కేంద్రం పక్కన ఇవి ఇంకా చిన్న అంకెలే.

2024 అక్టోబరులో వచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం సౌర, పవన, పంప్డ్ స్టోరేజీ (మిగులు విద్యుత్తుతో నీటిని ఎత్తుకు తోడి, అవసరమైనప్పుడు దానితో మళ్లీ విద్యుత్తు తీసే పద్ధతి), హైడ్రోజన్‌లను ఒకే గొడుగు కిందికి తెచ్చి, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను ఆశిస్తోంది. గాలి, ఎండ ఎక్కువగా లభించేది రాయలసీమలో. హబ్ ఉండేది మన తీరంలో. అందువల్ల ప్రసార లైన్లకు, నిల్వ కేంద్రాలకు కూడా దీర్ఘకాలిక ఒప్పందాలు తప్పవు. వాటిలో డిస్కంలపై పడే ప్రతి ధరా సంతకానికి ముందే నియంత్రణ మండలి బహిరంగ విచారణకు రావాలి. సంతకమయ్యాక ప్రభుత్వం మారినా దానిని తిరగదోడకూడదు.